పక్కసీటు తాపసంహారం

ఓ ఉష్ణమాపకమా, గాజు గొట్టంలో నిలువునా నిలబడి, ఎవరి మొహమాటానికీ ఒక గీత దిగని, ఎవరి మెప్పుకోసమూ ఒక గీత ఎక్కని సన్నని ఎర్రని సత్యరేఖా, ఈ గాథ చెప్పి ముగించేదాకా నా నాలుక మీద నిలువు.

వేసవి నడినెత్తికెక్కి, తారు కరిగి చెప్పుల అడుగున జిగురులా సాగుతున్న ఒకానొక ఆదివారం, పగలు పన్నెండు గంటల నలభై నిమిషాలకు, ఊరి తూర్పు కొసన రెండంతస్తుల ఇళ్ల వరుసలో చివరిదైన ఏసీల బావగారి గుమ్మం ముందు, ఒకే ఇంటి నుంచి ఒకే భోజనానికి బయలుదేరిన ఆలుమగలు రెండు వేర్వేరు బళ్లలో వచ్చి దిగిన ఆ దారుణఘట్టంతో మన కథ మొదలవుతుంది.

మొదట వచ్చింది శకటరాజం. దానిమ్మగింజ రంగు దేహం, పొడుగు ముక్కు, పొట్టి తోక, నేలకు జానెడు ఎత్తున పాకే పొట్ట, లోపల రెండంటే రెండే సీట్లు. యాభై ఏళ్ల కిందట పుట్టి, పాతికేళ్లు ఎవరి షెడ్డులోనో కోళ్లకు గూడై, ఆపైన ఆరేళ్ల పాటు ప్రతి సోమవారమూ ఒకే మనిషి చేతుల్లో మరమ్మతై తిరిగి ప్రాణం పోసుకున్న స్పోర్ట్స్ కారు అది. దాని గర్జనకు ఎదురింటి కిటికీ అద్దాలు గజగజలాడాయి, గోడ మీద పిల్లి రెండో గోడకు వలసపోయింది. అందులోంచి దిగినవాడు శతట్రే సంచాలకుడు, నిత్యపిండిధవళబాహువు, ఊరి పడమటి కొసన బేకరీ నడిపే మన కథానాయకుడు. ఒక్కడే దిగాడు.

పదకొండు నిమిషాల తర్వాత మలుపు దగ్గర సిటీ బస్సు ఆగింది. అందులోంచి దిగిన మహిళ రక్తనిధి శీతలగృహాధ్యక్షురాలు; రెండు డిగ్రీలకు తగ్గనివ్వక, ఆరు డిగ్రీలకు మించనివ్వక, పందొమ్మిదేళ్లుగా బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్‌లను కన్నపిల్లల్లా కాచుకొస్తున్న దృఢవ్రత. ఆయన భార్య.

ఈ దంపతుల మధ్య కలహం లేదు. ఉన్నది వేడి.

ముప్పై ఏళ్లుగా ఓవెన్ నోటి ముందు నిలబడిన మనిషి ఆయన. ఆయనకు వేడి అనేది రెండు వందల ఇరవై డిగ్రీల దగ్గర మొదలవుతుంది. అంతకు కిందివన్నీ వాతావరణం. ఆమెకు వేడి ఏడో డిగ్రీ దగ్గర మొదలవుతుంది. అక్కడ అలారం మోగుతుంది. అలాంటి ఇద్దరినీ రెండే సీట్లున్న ఒక రేకు డబ్బాలో పక్కపక్కన కూర్చోబెట్టి, ముందు ఇంజనును, కింద పొగగొట్టాన్ని, కాళ్ల మధ్య గేరుపెట్టెను మండించిన ఆ పూర్వకాలపు శిల్పి ఎవరోగాని, అతనికి సంసారజ్ఞానం తక్కువ.

ఆ పక్కసీటు ఆమెదని, కారు కోళ్ల గూడుగా ఉన్ననాడే ఆయన చెప్పాడు. ఆమె మూడుసార్లు ఎక్కింది. మొదటిసారి చెప్పు అడుగు మెత్తబడి నేలకు అతుక్కుని, దిగేటప్పుడు కాలు వచ్చింది, చెప్పు రాలేదు. రెండోసారి సంచిలోని లిప్‌స్టిక్ ద్రవరూపం దాల్చి పక్కనున్న కాగితాలన్నిటినీ ఎర్రబరిచింది. మూడోసారి ఆమె బ్లడ్ బ్యాంకులో పక్కన పెట్టేసిన పాత థర్మామీటరు ఒకటి వెంట తెచ్చుకుని, కాళ్ల దగ్గర పెట్టి, యాభై ఒకటి అని చదివి, కారు ఆపించి, మాట్లాడకుండా దిగి బస్టాపుకు నడిచింది. అప్పటినుంచీ ఆ సీటులో ఆయన టోపీ ప్రయాణిస్తోంది.

"ఏం తమ్ముడూ, పక్కసీట్లో ఎవర్ని తెచ్చావు?" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ ఏసీల బావ. ఆమె అక్కకు భర్త, బేకరీ వీరుడికి తోడల్లుడు, ఊళ్లో సగం గోడలకు ఏసీలు బిగించి మిగతా సగం గోడల వంక ఆశగా చూస్తుండే శీతలయంత్ర సార్వభౌముడు.

"టోపీని తెచ్చాను అన్నయ్యా."

"టోపీకి చెమట పట్టలేదా?"

"పట్టే ఉంటుంది బావగారూ," అంది ఆమె, బస్సు టికెట్టు ఉండచుట్టి పారేస్తూ. "దానికి నోరు లేదు కాబట్టి కూర్చుంది."

భోజనం ముగిసింది. చేతులు కడుక్కుని వచ్చి బావ కిటికీలోంచి శకటరాజాన్ని చాలాసేపు చూశాడు. "రెండు సీట్ల కారు, ఒక సీటెప్పుడూ ఖాళీ. అది కారు కాదు తమ్ముడూ, రోడ్డు మీద తిరిగే అలక. నాకిచ్చెయ్. ఏసీ పెట్టించి మీ వదినని ఎక్కించుకుంటాను."

"నేనెక్కడ ఎక్కుతాను, నడుం పట్టేస్తుంది," అంది అక్క. కాసేపాగి, "రంగు మాత్రం బాగుంది," అంది.

అప్పుడు మన వీరుడు లేచాడు. లేచి, రోమాంచిత గాత్రుడై, ఆరేళ్ల సోమవారాలు కళ్ల ముందు కదలాడగా, దిక్కులు మారుమోగేలా ఇలా ప్రతిజ్ఞ చేశాడు: "వినుడు, వినుడు! వచ్చే ఆదివారం సూర్యుడు పడమటికి వాలకమునుపే నా అర్ధాంగిని ఆ వామపీఠమున ఆసీనురాలిని గావించి, ఆమె పాదపద్మములకు ఇసుమంత తాపము సోకకుండ ఈ ద్వారమునకు గొనివచ్చెదను. రాలేనినాడు ఈ శకటము నీది, ఈ తాళపుచెవి నీది."

గాథ చెప్పేవాళ్లు ఇలాగే చెబుతారు. ఆయన నిజంగా అన్నది ఇది: "సరేలే అన్నయ్యా, వచ్చే ఆదివారం ఇద్దరం కలిసే వస్తాం. రాకపోతే తీసుకుందువుగాని."

అందరూ ఆమె వంక చూశారు.

"నన్నెందుకు చూస్తారు?" అంది ఆమె. "నా అరికాలి దగ్గర నలభై రెండు దాటనివ్వకండి, కూర్చుంటాను. దాటిందా, ఎక్కడుంటే అక్కడే దిగిపోతాను. ఆ బస్సు నంబరు నాకు కంఠతా వచ్చు."

సోమవారం బేకరీకి సెలవు. సోమవారం ఉదయమే బేకరీ వెనక షెడ్డు తలుపులు యుద్ధరంగపు ద్వారాల్లా తెరుచుకున్నాయి.

కిందటేడు ఓవెన్‌కు గోడలు కొత్తగా కట్టించినప్పుడు మిగిలిన గాజుదూది చుట్టలు ఆరు అటక మీద ఉన్నాయి. వాటిని దించాడు. కత్తెర పట్టాడు, జిగురు పట్టాడు, ముక్కుకు గుడ్డ కట్టాడు. కారు కప్పుకు లోపలివైపు గాజుదూది, తలుపులకు గాజుదూది, వీపు వెనక గాజుదూది, సీట్ల కింద గాజుదూది; ముప్పై ఏళ్ల విద్యనంతా ఆ రేకు దేహానికి కవచంగా తొడిగి, అతుకు అతుకునా అల్యూమినియం పట్టీ అంటించి, ఒక్క గాలిపోగు కూడా బయటపడే సందు లేకుండా చేసి, సాయంత్రానికి ఒళ్లంతా దురదలతో, పెదవుల మీద చిరునవ్వుతో ఇంట్లోకి వచ్చాడు.

"ఓవెన్‌కి కట్టినంత శ్రద్ధగా కట్టాను," అన్నాడు గోక్కుంటూ.

"స్నానం చెయ్యండి ముందు," అంది ఆమె.

మంగళవారం మధ్యాహ్నం పరీక్ష. ఆయనకు అంకెల మీద గురి లేదు. పొద్దున పిసికిన పిండిలోంచి పిడికెడు తీసి, గిన్నెలో వేసి, తడిగుడ్డ కప్పి, పక్కసీటు ముందు కాళ్లు పెట్టుకునే చోట ఉంచాడు. పిండి పొంగే తీరును బట్టి ఆయన వేడిని చదువుతాడు, పక్కవాళ్లు గడియారాన్ని చదివినంత సులువుగా. గిన్నె పక్కన ఆమె థర్మామీటరును నిలబెట్టింది. ఆయన ముప్పావుగంట ఊరంతా తిరిగి వచ్చాడు. ఇద్దరూ వంగి చూశారు.

పిండి గిన్నె దాటి, గుడ్డను మోసుకుంటూ పైకి లేచి, అంచుల మీదుగా నేల మీదికి వాలి, పైన ఎండి తొక్క కట్టింది.

"పొంగు మాత్రం చూశావా," అన్నాడు ఆయన. ఎంత ఆపుకున్నా గొంతులో గర్వం దాగలేదు. "బేకరీలో కూడా ఇంత తొందరగా రాదు."

ఆమె థర్మామీటరు ఎత్తి చదివింది. "అప్పుడు యాభై ఒకటి. ఇవాళ యాభై ఏడు."

వీరుడు పిండి గిన్నె పట్టుకుని షెడ్డు గడప మీద కూర్చున్నాడు. ఆ సాయంత్రం ఆయన టీ చల్లారిపోయింది. ఆయన టీ చల్లారడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరుగరు.

బుధవారం ఫోన్ మోగింది. మోగింది ఆమెకు, ఎందుకంటే ఆయన ఎత్తడం లేదు.

"ఏం మరదలా, తమ్ముడు నాకు దొరకట్లేదేమిటి?" అన్నాడు బావ. "మా షెడ్డులో సామానంతా తీయించేశాను. కారు పట్టేంత చోటు చేశాను."

"ఆదివారం ఇంకా రాలేదుగా బావగారూ."

"రాకపోదుగా. ఇదిగో, మీ అక్క మాట్లాడుతుందట."

అక్క గొంతు ఉత్సాహంగా వచ్చింది. "ఏమే, ఆ సీటుకి ఆకుపచ్చ గుడ్డ వేయిస్తే ఎలా ఉంటుందంటావు? నీకు రంగులు తెలుస్తాయి కదా."

"ఏ సీటుకి?"

"అదేనే, నువ్వెక్కవుగా. ఆ సీటుకి."

ఆహా, శ్రోతలారా, యుద్ధాల చరిత్రలో ఎన్ని సైన్యాలు ఎన్ని కారణాలకు కదిలాయో నాకు తెలియదు. కొందరు రాజ్యం కోసం కదిలారట, కొందరు మాట కోసం కదిలారట. కానీ చిన్నప్పుడు ఒకే మంచం మీద కిటికీ వైపు ఎవరు పడుకోవాలని పద్నాలుగేళ్లు పోట్లాడుకుని, ప్రతిసారీ ఓడిపోయిన ఒక చెల్లెలు, నలభై ఏడో ఏట, చేతిలో ఫోనుతో, వంటింటి గట్టుకు ఆనుకుని, "ఆకుపచ్చ నీకు నప్పదు అక్కా," అని మెల్లగా చెప్పి పెట్టేసిన ఆ క్షణాన, శకటరాజం ఇంజన్‌లో రగిలిన మంటకన్నా పెద్ద మంటే రగిలింది.

"ఏమండీ," అంది ఆమె షెడ్డులోకి వచ్చి. "రేపు మధ్యాహ్నం నుంచి నేను సెలవు పెట్టాను. మందపాటి దుప్పటి ఒకటి, పొడుగు వైరున్న బల్బు ఒకటి తీసి ఉంచండి."

"ఎందుకు?"

"మీ కారు నాకు ఇంటర్వ్యూ ఇవ్వాలి."

గురువారం ఆమె జుట్టు ముడివేసుకుని, గాజులు తీసి అలమరలో పెట్టి, చేతిలో నోటుపుస్తకంతో రంగప్రవేశం చేసింది. ముందుగా ఒక ప్రశ్న వేసింది.

"ఓవెన్‌కి గాజుదూది ఎందుకు కడతారు?"

"లోపలి వేడి బయటికి పోకుండా."

"మరి కారుకి?"

ఆయన వెళ్లి, తలుపుకి అంటించిన గాజుదూది కొస ఒకటి వేలితో లేపి చూశాడు.

"ముప్పై ఏళ్లు వేడిని లోపల ఉంచడమే నేర్చుకున్నారు," అంది ఆమె, కొంచెం మెత్తగా. "నా పని తిరగేసి ఉంటుంది. నా ఫ్రిజ్ దగ్గర ముందు వేడి ఎటునుంచి వస్తోందో చూస్తాం. రబ్బరు సరిగా లేని తలుపుకి ఎంత గోడ కట్టి ఏం లాభం? ఎక్కడెక్కడ కన్నాలున్నాయి దీనికి?"

"కన్నాలా? ఆరేళ్లు నా చేత్తో చేశాను. కన్నాలేముంటాయి?"

"ఇంజన్ దగ్గర బల్బు పెట్టి మూత వేసేయండి."

ఆ విధంగా, పొడుగు ముక్కు కింద బల్బు వెలిగింది. ఆమె పక్కసీటులోకి తలకిందులుగా దూరి, కాళ్లు వీపు ఆనాల్సిన చోట, తల కాళ్లు పెట్టుకునే చోట ఉంచి, పైన దుప్పటి కప్పించుకుంది. కప్పుకున్న చీకట్లో, ఇంజనుకూ మనుషులకూ మధ్యనున్న రేకు గోడ నల్లటి ఆకాశమైంది. ఆ ఆకాశంలో చుక్కలు పొడిచాయి.

దుప్పటి కింద ఆమె వేలు చుక్క నుంచి చుక్కకు కదిలింది.

"ఎన్ని?" అన్నాడు ఆయన బయటినుంచి.

"ఉండండి, లెక్కపెడుతున్నాను. పదకొండు."

"పదకొండా?"

"మీ వైపు నాలుగు. నా వైపు ఏడు."

ఆయన వేళ్లు మడిచి లెక్క సరిచూసుకున్నాడు.

"తీగలన్నీ ఇటే తెచ్చి గుచ్చారు. ఒక్కదాని చుట్టూ రబ్బరు లేదు. ఫ్యాను తోసే వేడిగాలంతా ఎటు వస్తుంది, మీ టోపీ మీదికేగా? గేరు కర్ర తొడుగు కూడా చిరిగింది. అక్కణ్నుంచీ వెలుగొస్తోంది." దుప్పటి కదిలింది. "ఇదేంటండీ, ఇక్కడ పెట్టె ఒకటి ఉంది. ఇంజన్ ఆపి గంటైనా ఇంకా చెయ్యి పెట్టనివ్వట్లేదు."

"అది హీటరు. చలికాలానికి."

"ఇప్పుడు చలికాలమా?"

"ఆపే ఉంది. పిడి చూడు, ఆపు వైపే ఉంది."

"పిడి ఆపు వైపే ఉంది. నీళ్లు ఆగాయా?"

ఆయన వెళ్లి మూత ఎత్తి చూశాడు. ఇంజన్ నీళ్లను హీటరులోకి వదిలే చిన్న కవాటం, లోపలి వాషరు అరిగి, పిడి ఎటు తిప్పినా సగం తెరుచుకునే ఉంది. రోడ్డెక్కిన ఈ నాలుగేళ్లుగా, నడి వేసవిలో, ఆ శకటం తన గర్భంలో వేడినీళ్ల పొయ్యి పెట్టుకుని తిరుగుతోంది. నాలుగేళ్లుగా ఆయన దాని పక్కనే కూర్చుని అది వాతావరణం అనుకున్నాడు.

"నాకు తెలియలేదే," అన్నాడు.

ఆమె దుప్పటిలోంచి బయటపడింది. ముక్కు మీద గ్రీజు, చెంప మీద గాజుదూది గీతలు. "మీకు తెలియదనే నేను కూడా అనుకుంటూ వచ్చాను," అంది. "కావాలని చేయలేదు కదా అని. అందుకే గట్టిగా అడగలేదు. దిగిపోయాను."

ఆయన తల వంచుకుని కవాటం విప్పడం మొదలుపెట్టాడు. మాటలకన్నా స్పానరు ఆయనకు బాగా పలుకుతుంది.

శుక్రవారం వాళ్లిద్దరూ కలిసి రబ్బరు దుకాణానికి వెళ్లారు. దుకాణం నడిపేది కళ్లజోడు ముక్కుచివర పెట్టుకునే ఒక పెద్దావిడ. నేలనుంచి కప్పు దాకా గుండ్రటి రబ్బరు వస్తువులే.

"తీగలు దూరే కన్నాలకి రింగులు కావాలి. పదకొండు," అంది ఆమె.

"కారుకా? ఎప్పటినుంచీ లేవు?"

"నాలుగేళ్ల నుంచి," అన్నాడు ఆయన.

దుకాణం ఆవిడ కళ్లజోడు మీదుగా ఆయన్ని చూసి, తర్వాత ఆమెను చూసి, "మీరు పక్కసీటులో కూర్చునేవారా?" అంది.

"కూర్చునేదాన్ని."

"ఓపికమ్మా," అంది ఆవిడ, పన్నెండు రింగులు పొట్లం కడుతూ. "ఒకటి ఎక్కువ వేశాను. ఎప్పుడూ ఒకటి ఎక్కడో మిగులుతుంది."

శనివారం బేకరీ మధ్యాహ్నపు విరామంలో మహాయుద్ధం జరిగింది. పదకొండు రంధ్రాలలో పదకొండు రబ్బరు వలయాలు, రెండు వేళ్లు కూడా పట్టనంత ఇరుకులో, ఒక్కొక్కటీ తిట్టు తిట్టుకూ కొంచెం కొంచెంగా కూర్చున్నాయి. హీటరు గొట్టాలు రెండూ విడదీసి, ఒకదాని నోటికి రెండోదాని నోరు తగిలించి, వేడినీళ్లకు లోపలి దారే లేకుండా చేశారు. గేరు కర్రకు కొత్త తొడుగు వచ్చింది. కప్పు మీది, తలుపుల మీది గాజుదూది పీకేశారు. అందులో కొంత తెచ్చి ఇంజను వైపు రేకు గోడకు అతికించారు. ఇక మిగిలింది పొగగొట్టం, సరిగ్గా ఆమె పాదాల కింద నుంచి ఎర్రటి పాములా పోయే ఆ లోహభుజంగం.

దానికి డాలు కావాలి.

ఆయన లేచి బేకరీలోకి వెళ్లాడు. బన్నులు కాల్చే ట్రేలలో పాతది, మూలలు వంగినది, వేల బన్నుల చరిత్ర మోసిన అల్యూమినియం ట్రే ఒకటి తెచ్చాడు. మూలలు సుత్తితో సరిచేశాడు. నాలుగు కన్నాలు వేశాడు.

"నేరుగా బిగిస్తున్నారా?" అంది ఆమె, పక్కన గోడకానుకుని, మంచినీళ్ల సీసా పట్టుకుని.

"లేదు. మధ్యలో వేలు పట్టేంత సందు ఉంచుతాను. ఆ సందులోంచి గాలి పోవాలి." ఆగి, "ఓవెన్ కింద ఇలాగే ఉంటుంది. నేల కాలకుండా. నాకు ముందే తట్టాల్సింది," అన్నాడు.

"ఇప్పుడు తట్టిందిగా."

కారు కింద వెల్లకిలా పడుకుని నాలుగు బోల్టులు బిగించేసరికి, ఆయన నుదుటి మీద చెమట బొట్టు ఒకటి వెలిసింది. ముప్పై ఏళ్లలో మొదటిది అని నేను ప్రమాణం చేసి చెప్పలేను. ఆమె మాత్రం దాన్ని చూసి, సీసా మూత తీసి అందించింది.

ఆదివారం వచ్చింది. నీడలో ముప్పై ఏడు డిగ్రీలు. రోడ్డు మీద గాలి అలలుగా వణుకుతోంది.

ఆమె టోపీని తీసి వెనక అరలో పడేసి, సీటులో కూర్చుని, థర్మామీటరును మడమల మధ్య నిలబెట్టి, చేతిసంచి ఒళ్లో పెట్టుకుంది. తలుపు వేసింది. శకటరాజం గర్జించింది, వీధి మలుపు తిరిగింది.

"ముప్పై ఏడు," అంది ఆమె, బేకరీ దాటాక.

"ముప్పై ఎనిమిది," అంది, వంతెన మీద.

"అదే ఉంది," అంది, మార్కెట్టు దగ్గర. ఆయన ఈల వేయబోయి మానుకున్నాడు.

అప్పుడు, శ్రోతలారా, విధి తన ఎర్రచారల బాహువును దించింది. రైలు గేటు పడింది.

కదిలే బండికి గాలి మిత్రుడు. ఆగిన బండికి ఎవరూ లేరు. ముందు లారీ, వెనక ట్రాక్టరు, పైన సూర్యుడు, కింద తారు, ముక్కు కింద ఇంజను, మధ్యలో ఇద్దరు మనుషులు. మొదట ఒక గూడ్సు బండి వచ్చింది. దాని పెట్టెలను లెక్కపెట్టేవాళ్లు మొదట్లో ఉత్సాహంగా లెక్కపెట్టారు, తర్వాత ఆపేశారు. అది పోయాక గేటు లేవలేదు. ఎదురుగా ఇంకో బండి వస్తోందట.

"ఎంత?" అన్నాడు ఆయన, స్టీరింగ్ పట్టుకున్న చేతుల వంక చూస్తూ.

"ముప్పై తొమ్మిదిన్నర."

నాలుగు నిమిషాలు గడిచాయి.

"ఎంత?"

"నలభై ఒకటి."

అప్పుడే ఎడమవైపు ఖాళీలోకి నెమ్మదిగా ఒక బస్సు వచ్చి ఆగింది. అదే నంబరు. దాని కిటికీ ఒకటి సరిగ్గా ఆమె తలుపు పక్కకు వచ్చింది. అందులోంచి కండక్టరు వంగి చూసి గుర్తుపట్టాడు.

"ఏమ్మా, మళ్లీ ఇక్కడే దొరికారే. ఎక్కుతారా? ఇవాళ కిటికీ పక్కన ఖాళీ ఉంది."

బస్సులోంచి చల్లటి ఫ్యాను గాలి ఒక తెర వచ్చి ఆమె చెంపకు తగిలి పోయింది. ఆయన తల తిప్పలేదు. గేటు వంకే చూస్తున్నాడు. అడగాలో వద్దో తెలియని గొంతుతో అడిగాడు.

"ఎంత?"

ఆమె వంగి చూసింది.

పందొమ్మిదేళ్లుగా, రోజుకు నాలుగుసార్లు, ఫ్రిజ్‌ల తలుపుల మీది కాగితాలలో ఆమె అంకెలు రాసింది. కరెంటు పోయినప్పుడు రాసింది, అధికారులు వచ్చినప్పుడు రాసింది, జ్వరంతో ఒళ్లు కాలుతున్నప్పుడు రాసింది. ఎవరి కోసమూ, దేని కోసమూ ఒక్క అంకెను అటూ ఇటూ జరపలేదు. ఇప్పుడు ఆమె మడమల మధ్య ఎర్రగీత నలభై రెండును దాటి, ఇంకో అర గీత పైకి పోయి, అక్కడ నిలకడగా నిలబడి ఉంది.

ఆమె చేతిసంచి తీసి దాని ముందు పెట్టింది.

"నలభై ఒకటే. కదల్లేదు," అంది. తర్వాత కండక్టరు వైపు తిరిగింది. "వద్దు బాబూ. నాకు సీటుంది."

ఈ సంగతి మీకూ నాకూ తప్ప ఈ లోకంలో ఇంకెవరికీ తెలియదు. దయచేసి బేకరీలో అనకండి.

గేటు లేచింది. గాలి వచ్చింది. పన్నెండు గంటల ఇరవై రెండు నిమిషాలకు శకటరాజం ఏసీల బావ గుమ్మం ముందు ఆగింది, ఈసారి రెండు తలుపులూ తెరుచుకున్నాయి.

బావ మెట్లు దిగి వచ్చి, ఆమెను చూసి, కారును చూసి, నమ్మక, వంగి పక్కసీటు నేల మీద అరచెయ్యి ఆనించి చూసుకున్నాడు. చటుక్కున తీశాడు.

"కాలుతోందిగా మరదలా."

"ఏసీల్లో కూర్చుని మీ చేతులు సున్నితమైపోయాయి బావగారూ," అంది ఆమె. "నాకేం అనిపించలేదు."

గుమ్మంలో నిలబడ్డ అక్క చేతిలో మడతపెట్టిన ఆకుపచ్చ గుడ్డ ముక్క ఉంది. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కుర్చీకైనా వేస్తాలే," అని లోపలికి వెళ్లింది.

భోజనాలయ్యాయి, కబుర్లయ్యాయి. బావ ఏసీ గొప్పదనం గురించి గంటంబావు చెప్పాడు, ఎవరూ అడ్డురాలేదు. ఎండ వాలాక తిరుగు ప్రయాణం. ఆకాశం పడమటి వైపు నారింజగా మారింది, పగలంతా కాలిన పొలాల మీదుగా గాలి మళ్లింది, ఎక్కడో దూరాన వాన పడ్డ వాసన వచ్చింది. వీరుడు రెండు చేతులా స్టీరింగ్ పట్టుకుని, రెండు అద్దాలూ పూర్తిగా దించి నడుపుతున్నాడు. ఆమె థర్మామీటరు తీయలేదు. సీటులో కొంచెం జారి, కాళ్లు ముందుకు చాపుకుంది. చెప్పులు విప్పి పక్కన పెట్టుకుంది.

చెరకు లారీల కాటా దాటాక, ఆమె చేతులు ఒంటి చుట్టూ చుట్టుకుంది.

"ఏమండీ."

"ఊఁ."

"నా వైపు అద్దం కొంచెం ఎత్తుతారా. చలేస్తోంది."

ఆయన బండి పక్కకు తీసి ఆపాడు. చెవులను నమ్మక ఆమె వంక చూశాడు. తర్వాత ఆమె మీదుగా వంగి, పిండి మరకలున్న ఆ మహాబాహువుతో పిడి పట్టుకుని, ఒక చుట్టు తిప్పాడు, రెండు చుట్లు తిప్పాడు. "చాల్చాలు, సగం చాలు," అంది ఆమె.

దిక్పాలకులారా, దారిన పోయే లారీలారా, రేడియేటర్లలో ఉడికే సమస్త జలములారా, వినండి. సప్తదిన ఘోరసంగ్రామానంతరం, ఏకాదశ రంధ్రాలు మూసి, లోహభుజంగం మీద బన్నుల ట్రే డాలుగా నిలిపి, ఆ మహావీరుడు తన ద్విపీఠ శకటంలో, ఎడమవైపు కిటికీకి, సగం అద్దం ఎత్తాడు.